జాతి నీలం ఎలా చూసి కొనాలి: రంగు, వెలుతురు, ల్యాబ్ కాగితం

ముందు ఒక పని చేయండి. కొనే ఉద్దేశం పక్కన పెట్టి, నీలాలు చూడటానికి మాత్రమే రాళ్ళు విడిగా అమ్మే షాపులు రెండు మూడు తిరగండి. ఉంగరంలో పొదిగినవి వద్దు, విడి రాళ్ళు చూపించమనండి, తెల్ల కాగితం మీద నాలుగైదు పక్కపక్కన పెట్టమనండి. ఒక్క రాయినే చూస్తే ఏ నీలమైనా అందంగానే కనిపిస్తుంది, పక్కన ఇంకోటి పెట్టినప్పుడే మొదటిదాంట్లో బూడిదరంగు ఉందనీ, రెండోదాంట్లో ఆకుపచ్చ జీర ఉందనీ, మూడోది సగం వరకు నల్లగా ఉందనీ తెలుస్తుంది. కన్ను చాలా త్వరగా నేర్చుకుంటుంది, దానికి చూపించాలి అంతే. నీలం విషయంలో మోసపోయేవాళ్ళలో ఎక్కువమంది రాళ్ళు చూడకుండా మాటలు విని కొన్నవాళ్ళే.

మనలో చాలామంది నీలం దగ్గరికి వెళ్ళేది ఏలినాటి శని అనో, జాతకంలో శని దశ నడుస్తోందనో ఎవరో చెప్పినప్పుడు. అది మీ నమ్మకం, పెట్టుకోవాలా వద్దా అన్నది మీరూ మీ ఇంటి జ్యోతిష్యులూ చూసుకునే సంగతి. నేను చెప్పేది ఒక్కటే: భయంలో ఉన్నప్పుడు కొనకండి. "ఈ శనివారంలోపు వేలికి ఉండాలి" అన్న టెన్షన్‌లో ఉన్నవాళ్ళు వెలుతురులో చూడరు, కాగితం అడగరు, బేరం కూడా ఆడరు. రాయి పెట్టుకోమని చెప్పిన మనిషే రాయి అమ్ముతుంటే కూడా, మామూలు షాపులో అడిగినట్టే ల్యాబ్ రిపోర్ట్ అడగండి. మొహమాటం వద్దు.

ఇక రాయి గురించి. నీలం కురువిందం జాతి ఖనిజం, అంటే అల్యూమినియం ఆక్సైడ్. శుద్ధంగా ఉంటే దానికి రంగే ఉండదు. అందులో కొంచెం ఇనుము, కొంచెం టైటానియం రెండూ కలిసి చేరితే నీలం రంగు వస్తుంది, శాతంలో వందో వంతు లాంటి మోతాదు కూడా చాలు. అదే ఖనిజంలో క్రోమియం చేరితే కెంపు. పుష్యరాగమూ ఇదే కుటుంబం. గట్టిదనంలో మోహ్స్ కొలమానం మీద 9, వజ్రం 10. అందుకే తరతరాలు వేలికి ఉన్నా గీతలు పడటం చాలా అరుదు, అమ్మమ్మ ఉంగరంలోని నీలం మనవరాలి చేతికి అదే మెరుపుతో వస్తుంది. ఇంత ముదురు రంగు, ఇంత గట్టిదనం, ఇంత మెరుపు మూడూ ఒకేచోట ఉన్న నీలిరంగు రాయి ఇంకోటి దొరకడం చాలా అరుదు. టాంజనైట్ అనే ఇంకో నీలిరంగు రాయి అందమైనదే కానీ నీలమంత గట్టిది కాదు, రోజూ పెట్టుకుంటే అరుగుతుంది.

రంగు చూడటం

ధరలో సింహభాగం రంగుదే, కాబట్టి ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. మీరు వెతకాల్సింది మధ్యస్తం నుంచి కొంచెం ముదురు వరకు ఉండే, నిండైన, స్వచ్ఛమైన నీలం. కొంచెం ఊదా జీర ఉన్నా పర్వాలేదు, చాలా మంచి రాళ్ళలో అది ఉంటుంది. ఆకుపచ్చ జీర ఉంటే ధర తగ్గాలి, బూడిద కలిసి మసకగా ఉంటే ఇంకా తగ్గాలి. మరీ ముదురైతే రాయి నల్ల సిరా రంగులోకి పోతుంది, పగటి వెలుగులో కూడా నీలమో నలుపో తేల్చుకోలేరు. మన దగ్గర "ముదురైతే మంచిది" అని ఒక అభిప్రాయం పాతుకుపోయింది, అమ్మేవాళ్ళు కూడా అదే చెప్తారు. నా మాట వినండి, కొంచెం లేతగా ఉన్నా లోపలి నుంచి వెలిగే రాయి, నల్లబడ్డ పెద్ద రాయికంటే ఎప్పుడూ మేలు.

షాపులో మయూర నీలం, ఇంద్రనీలం, రాయల్ బ్లూ, కార్న్‌ఫ్లవర్ అని పేర్లు వినిపిస్తాయి. ఎర్ర జీర ఉన్నదాన్ని ఖూనీ నీలం అంటారు, సగం నీలం సగం పసుపు ఉన్నదాన్ని పీతాంబరి అంటారు. పేర్లు తెలిసి ఉండటం మంచిదే, కానీ పేరుకి డబ్బులు ఇవ్వకండి. ఒక షాపులో రాయల్ బ్లూ అన్న రంగు పక్క షాపులో మామూలు సిలోన్ (శ్రీలంక) నీలం.

ఇప్పుడు వెలుతురు. నగల షాపుల్లో లైట్లు రాళ్ళని బాగా చూపించడానికే పెట్టి ఉంటాయి, తెల్లటి ఎల్‌ఈడీ వెలుగు నీలాన్ని ఇంకా నీలంగా చూపిస్తుంది. రాయి తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళండి, కావాలంటే షాపు మనిషిని వెంట రమ్మనండి. ఎండ నేరుగా పడే చోట కాకుండా నీడలో, పగటి వెలుతురులో చూడండి. తర్వాత పసుపు బల్బు కింద చూడండి. కొన్ని నీలాలు పగలు బ్రహ్మాండంగా ఉండి, ఇంట్లో సాయంత్రం బల్బు కింద నల్లగా మూగబోతాయి. మీరు ఉంగరం పెట్టుకుని తిరిగేది ఎక్కువగా ఇంట్లో, ఆఫీసులో, ఫంక్షన్ హాల్లో కదా, అక్కడి వెలుతురులో బతకని రాయి మీకెందుకు? అన్ని వెలుతురుల్లోనూ నీలంగానే నిలబడే రాయి దొరికితే దాన్ని పక్కన పెట్టించండి.

తర్వాత రాయిని బోర్లా తిప్పి తెల్ల కాగితం మీద పెట్టి వెనక నుంచి చూడండి. ఇది చాలామంది చేయరు. శ్రీలంక రాళ్ళలో రంగు రాయంతా సమంగా ఉండకపోవచ్చు, ఒక్కోసారి అడుగున ఒక చోటే గుమిగూడి ఉంటుంది. సానబట్టేవాళ్ళు ఆ రంగుని తెలివిగా రాయి మొనలోకి వచ్చేలా కోస్తారు, పై నుంచి చూస్తే రాయంతా నీలంగా కనిపిస్తుంది, పక్క నుంచి చూస్తే సగం తెల్లగా ఉంటుంది. ఇది మోసం కాదు, అది వాళ్ళ పనితనం. కానీ రంగు అంతా సమంగా ఉన్న రాయి ధర దీనికి పెట్టకూడదు. ఇలా వెనక నుంచి చూసినప్పుడు రంగు పట్టీలు తిన్నగా గానీ, కోణంలో మలుపు తిరిగి గానీ కనిపిస్తే అది సహజ రాయి లక్షణం. వంపు తిరిగిన గీతల్లా కనిపిస్తే అనుమానించండి, ఎందుకో కింద చెప్తాను.

కోత, బరువు

రాయిని పై నుంచి తిన్నగా చూసినప్పుడు మధ్యలో కింద కాగితం కనిపిస్తోందా? దానికింద అక్షరాలు పెడితే చదవగలుగుతున్నారా? అంటే కోత పలచనై, వెలుగు తిరిగి రాకుండా కిందికి జారిపోతోందన్నమాట. దీనికి ఉల్టా కూడా ఉంది: అడుగు పొట్ట లావుగా వదిలేసిన రాళ్ళు. బరువు తగ్గకూడదని అలా వదిలేస్తారు, పొదిగాక ఆ పొట్ట ఎవరికీ కనిపించదు, డబ్బు మాత్రం క్యారెట్ లెక్కన మీరే కడతారు. పక్కకి తిప్పి చూడటానికి ఒక్క నిమిషం చాలు.

బరువు తప్పకుండా క్యారెట్లలోనే చెప్పమనండి. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు, ప్రపంచంలో ఎక్కడైనా అంతే. రత్తి లెక్క అలా ఉండదు. బంగారం తూకంలో పాత రత్తి సుమారు 0.12 గ్రాములు, జాతకాల రాళ్ళ వ్యాపారంలో చాలాచోట్ల నడిచే రత్తి సుమారు 0.18 గ్రాములు. "ఐదు రత్తుల నీలం" అంటే ఒక లెక్కలో మూడు క్యారెట్లు, ఇంకో లెక్కలో నాలుగున్నర. ధర మాట్లాడేముందు తూకం మిషన్ మీద పెట్టించి గ్రాములో క్యారెట్లో చూసుకోండి. ఇంకో సంగతి, నీలం బరువైన రాయి, సాంద్రత 4 దాకా ఉంటుంది, వజ్రానిది 3.5. కాబట్టి ఒక క్యారెట్ నీలం ఒక క్యారెట్ వజ్రం కంటే కంటికి చిన్నగా కనిపిస్తుంది, కంగారు పడకండి. అలాగే సైజు పెరిగే కొద్దీ క్యారెట్ ధర కూడా పెరుగుతుంది, రెండు క్యారెట్ల మంచి రాయి ఒక క్యారెట్ రాయికి రెట్టింపు ధరలో దొరకదు.

లోపల ఏముందో చూడటం

పది రెట్లు పెద్దగా చూపించే లూప్ ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖర్చు కాదు. దాన్ని కంటికి దాదాపు ఆనించి, రాయిని దగ్గరికి తెచ్చుకుని చూడాలి. నీలంలో ఏదో ఒకటి కనిపించడం మంచి గుర్తు: సన్నటి సూదులు, వేలిముద్రలా అల్లుకున్న చిన్న చిన్న చుక్కలు, చిన్న స్ఫటికాలు. ఆ సూదులు రూటైల్ అనే ఖనిజానివి, వ్యాపారంలో దాన్ని సిల్క్ అంటారు. సిల్క్ మరీ ఎక్కువైతే రాయి మబ్బుగా ఉంటుంది. కానీ అతి సన్నగా, కంటికి విడిగా తెలియనంత సన్నగా లోపలంతా పరుచుకున్న రేణువులుంటే వెలుగు వాటి మీద చెదిరి, పలచటి మంచుతెర వెనక నుంచి వస్తున్నట్టు రాయంతా మెత్తగా వెలుగుతుంది. కశ్మీర్ నీలానికి అంత పేరు రావడానికి కారణం ఇదే. గుండ్రటి గోపురంలా సానబట్టిన రాయిలో ఈ సూదులు వరుసగా ఉంటే ఆరు కిరణాల నక్షత్రం కనిపిస్తుంది. న్యూయార్క్ సహజ చరిత్ర మ్యూజియంలో ఉన్న 563 క్యారెట్ల "స్టార్ ఆఫ్ ఇండియా" అలాంటిదే, పేరు ఇండియాది కానీ రాయి శ్రీలంకది.

కశ్మీర్ మాట వచ్చింది కాబట్టి అది పూర్తిగా చెప్పేస్తాను. జమ్మూ కశ్మీర్‌లోని పాడర్ ప్రాంతంలో, సుమ్‌జామ్ ఊరి పైన దాదాపు 4,500 మీటర్ల ఎత్తులో, 1881 ప్రాంతంలో కొండచరియ విరిగిపడి ఈ నీలాలు బయటపడ్డాయి. ఏడాదిలో ఎక్కువకాలం మంచు కప్పి ఉండే చోటు అది. 1887 నాటికే అసలు గని దాదాపు ఖాళీ అయిపోయింది, తర్వాత తవ్వినా ఆ స్థాయి రాళ్ళు ఆ మోతాదులో దొరకలేదు. కాబట్టి ఇప్పుడు మార్కెట్లో తిరిగే అసలైన కశ్మీర్ నీలాలు ఎక్కువగా పాత నగల్లోవే. 2015లో హాంకాంగ్ వేలంలో 27.68 క్యారెట్ల కశ్మీర్ నీలం ఒకటి సుమారు 67 లక్షల డాలర్లకు పోయింది, అంటే క్యారెట్‌కి 2 లక్షల 40 వేల డాలర్లకు పైనే. ఇప్పుడు చెప్పండి, మీ ఊరి షాపులో కొన్ని వేలకు "కశ్మీర్ నీలం" అని ఇస్తుంటే ఎలా నమ్ముతారు?

మన బజారుకి వచ్చే మంచి నీలాల్లో సిలోన్‌వి, అంటే శ్రీలంకవి ఎక్కువ. రత్నపుర చుట్టుపక్కల పొలాల్లో బావుల్లాంటి గుంతలు తవ్వి, అడుగున ఉన్న గులకరాళ్ళ పొరని పైకి తీసి, బుట్టల్లో నీళ్ళతో కడిగి ఏరుతారు. ఆ పొరని అక్కడ ఇల్లం అంటారు. బ్రిటన్ యువరాణి డయానా నిశ్చితార్థపు ఉంగరంలోని 12 క్యారెట్ల నీలం శ్రీలంకదే. 1998లో మడగాస్కర్‌లో ఇలకాక దగ్గర పెద్ద నిక్షేపాలు బయటపడ్డాక అక్కడి నుంచి కూడా చక్కటి రాళ్ళు వస్తున్నాయి, సిలోన్ రాళ్ళకి అవి ఎంత దగ్గరగా ఉంటాయంటే ల్యాబ్‌వాళ్ళకే ఒక్కోసారి కష్టం. ఆస్ట్రేలియా, థాయ్‌లాండ్ నీలాల్లో ఇనుము ఎక్కువ, అందుకే ముదురుగా ఉంటాయి. నా సలహా అయితే చిన్న రాయి కొనేటప్పుడు దేశం పేరుకి పైసా ఎక్కువ ఇవ్వకండి, రంగుకి ఇవ్వండి.

వేడి చేసిందా, ఇంకేమైనా చేశారా

షాపులో తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇది. "ఒరిజినలేనా?" అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. "హీట్ చేసిందా? ఇంకేం ట్రీట్‌మెంట్ జరిగింది? బిల్లు మీద రాసిస్తారా?" అని అడగండి.

ఇప్పుడు మార్కెట్లో ఉన్న నీలాల్లో ఎక్కువ భాగం వేడి చేసినవే. శ్రీలంకలో గ్యుడా అనే పాలలాంటి తెల్లటి రాళ్ళు ఒకప్పుడు దాదాపు విలువ లేనివి, 1970ల్లో థాయ్ వ్యాపారులు వాటిని కొని 1,500 డిగ్రీలు దాటిన కొలిమిలో కాల్చి నీలంగా మార్చడం మొదలుపెట్టారు. ఆ వేడికి సిల్క్ కరిగి అందులోని టైటానియం రాయిలో కలుస్తుంది, రంగు తేరుతుంది. ఆ రంగు శాశ్వతం, మాసిపోదు, కాబట్టి వేడి చేసిన నీలం కొనడంలో తప్పేమీ లేదు. వేడి చేయని మంచి రాయి అరుదు, అందుకే ధర చాలా ఎక్కువ. వేడి చేసినదాన్ని ఆ ధరకి అమ్మితే మాత్రం మోసమే.

కొన్నిటికి దూరంగా ఉండండి. బయటి నుంచి టైటానియం పట్టించి పై పొరకి మాత్రమే రంగు ఎక్కించినవి ఉంటాయి, వీటిని తెల్ల గ్లాసులో నీళ్ళు పోసి అందులో వేసి చూస్తే రంగు అంచుల దగ్గర గీతల్లా పేరుకుని కనిపించవచ్చు. మళ్ళీ సానబడితే ఆ రంగు పోతుంది. బెరీలియం పట్టించినవి ఇంటి దగ్గర ఎవరూ కనిపెట్టలేరు, అది పెద్ద ల్యాబ్ పని. పగుళ్ళున్న చవక రాళ్ళలో కోబాల్ట్ కలిపిన సీసపు గాజు నింపినవి అన్నిటికన్నా చెడ్డవి, అందులో మీరు కొంటున్నది చాలావరకు గాజే. నిమ్మరసం లాంటి పులుపు తగిలినా ఆ గాజు దెబ్బతింటుంది, మన వంటింట్లో పులుపు తగలని రోజు ఉంటుందా?

ఇక మనుషులు తయారుచేసినవి. మంటలో పొడిని కరిగించి నీలం పెంచే పద్ధతి వందేళ్ళకు పైగా ఉంది, కాబట్టి "ఇది మా తాతల నాటిది" అన్నంత మాత్రాన సహజ నీలం అని కాదు. అలా పెంచిన రాయిలో లూప్‌తో చూస్తే వంపు గీతలు, గుండ్రటి గాలి బుడగలు కనిపించవచ్చు. మరీ మచ్చ లేకుండా, పెద్దగా, చవగ్గా ఉన్న నీలాన్ని మొదట అనుమానించాలి. పైన సహజ రాయి, కింద వేరేది అతికించినవి కూడా తిరుగుతుంటాయి, నీళ్ళలో వేసి పక్క నుంచి చూస్తే అతుకు గీత కనిపిస్తుంది. ఐయోలైట్ అనే రాయిని నీలి అని అమ్ముతారు, దాన్ని ఆ పేరుతో ఆ ధరకి కొంటే ఇబ్బంది లేదు. వేళ్ళ మధ్య తిప్పి చూస్తే ఒక వైపు ఊదా నీలంగా, ఇంకో వైపు దాదాపు రంగు లేనట్టు కనిపిస్తుంది.

పాలలో వేస్తే పాలు నీలంగా కనిపించాలి అనే పరీక్ష చాలామంది చెప్తారు. దయచేసి దాని మీద ఆధారపడకండి. ఫ్యాక్టరీలో పెంచిన నీలం రసాయనం రీత్యా అచ్చం సహజ నీలమే, గట్టిదనం అదే, సాంద్రత అదే, పాలలో వేసినా గాజు మీద గీసినా రెండూ ఒకేలా ఉంటాయి. గీసి చూడటం అసలే వద్దు, అంచు చిట్లితే ఆ రాయి మీరే కొనాల్సి వస్తుంది.

ల్యాబ్ కాగితం చదవడం

రిపోర్ట్ మీద "నేచురల్ సఫైర్" (సహజ నీలం) అని కనిపించగానే ఆగిపోకండి. భూమిలో దొరికిన రాయికి వేడి లాంటివి చేసినా నేచురల్ అనే మాట సాధారణంగా అలాగే ఉంటుంది. మీరు చూడాల్సిన లైన్ ట్రీట్‌మెంట్ అనో కామెంట్స్ అనో ఉండేది. "నో ఇండికేషన్స్ ఆఫ్ హీటింగ్" అంటే వేడి చేసిన ఆనవాళ్ళు లేవని, "ఇండికేషన్స్ ఆఫ్ హీటింగ్" అంటే ఉన్నాయని. ఆ లైనే లేని చిన్న ప్లాస్టిక్ కార్డులు చాలా తిరుగుతున్నాయి, పెద్ద మొత్తం పెట్టేటప్పుడు అవి సరిపోవు. తర్వాత రిపోర్ట్ మీదున్న బరువు, మిల్లీమీటర్ల కొలతలు మీ చేతిలోని రాయితో సరిపోతున్నాయో షాపులోనే చూడండి, రిపోర్ట్ నంబర్ ఆ ల్యాబ్ వెబ్‌సైట్‌లో మీ ఫోన్లోనే కొట్టి చూడండి. అసలు రిపోర్ట్‌తో వేరే రాయి అంటగట్టడం పాత ఎత్తు. జీఐఏ, జీఆర్‌ఎస్, స్విట్జర్లాండ్‌లోని ఎస్‌ఎస్‌ఈఎఫ్, గ్యూబెలిన్ పేరున్న ల్యాబ్‌లు. మన దేశంలో జైపూర్‌లో రత్నాభరణాల ఎగుమతి ప్రోత్సాహక మండలి నడిపే ల్యాబ్ ఉంది. రాయి ఖరీదు ఎక్కువైతే "ల్యాబ్‌లో తేడా వస్తే డబ్బు వాపసు" అని బిల్లు మీద రాయించుకుని, మీరే వేరే ల్యాబ్‌కి పంపించండి. నిజాయితీగా అమ్మేవాళ్ళు దీనికి అభ్యంతరం చెప్పరు.

బిల్లు మీద రాయి పేరు, క్యారెట్ బరువు, ట్రీట్‌మెంట్, రిపోర్ట్ నంబర్, ఎన్ని రోజుల్లోపు వాపసు తీసుకుంటారో ఉండాలి. నీలం పడుతుందో లేదో చూడాలని కొన్ని రోజులు దిండు కింద పెట్టుకుని చూసేవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు, మీరూ అలా చూడాలనుకుంటే ఆ రోజులు కూడా కలిపి గడువు రాయించుకోండి, నోటి మాట సరిపోదు. ఉంగరం మీద హాల్‌మార్క్ ఉంది కదా అనుకోకండి, అది బంగారం స్వచ్ఛతకే, రాయికి దానితో సంబంధం లేదు. బంగారం ధర కట్టేటప్పుడు రాయి బరువు తీసేశారో లేదో కూడా చూడండి.

పొదిగించడం, చూసుకోవడం

రాయి కింది భాగం తెరిచి ఉండేలా పొదిగించండి. వెలుగు వస్తుంది, శుభ్రం చేయడం సులువు, వేలికి తగలాలి అనుకునేవాళ్ళకి తగులుతుంది. వెనక మూసేసిన పాత ఉంగరాల్లో రాయి కింద రంగు రేకు పెట్టి ఉండవచ్చు, అలాంటిది కొనేటప్పుడు విప్పి చూపించమనండి. రోజూ పనిచేసే చెయ్యి అయితే రాయి చుట్టూ అంచు కట్టించడం మేలు, రాయిని పట్టి ఉంచే గోళ్ళు చీర కొంగుకీ దుప్పటికీ తగులుకుని వదులైపోతుంటాయి.

శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీళ్ళు, కొంచెం సబ్బు, మెత్తటి బ్రష్ చాలు. వెనక పేరుకునే సబ్బు, నూనె వల్లే చాలా నీలాలు మసకబారినట్టు కనిపిస్తాయి. ఉంగరం సైజు మార్పించేటప్పుడో అతికించేటప్పుడో రాయి తీసి పక్కన పెట్టి పనిచేయమని కంసాలికి ముందే చెప్పండి. నీలం వేడికి ఓర్చుకుంటుంది కానీ, అతుకులకి వాడే వెలిగారం తగిలి మంట పడితే పైన నునుపు దెబ్బతిని మళ్ళీ సానబట్టాల్సి వస్తుంది.